ప్రాగ్‌లో చివరి రోజు

కోట, కేథడ్రల్ ముందే చూసేశాను కాబట్టి చెక్ రాజధాని ప్రాగ్‌లో చివరి రోజును పాత ఊరి కోసమే ఉంచుకున్నాను. ఒక్కదాన్నే తిరగడంలో ఉన్న సుఖం ఇదే. నచ్చినచోట ఎంతసేపు నిలబడిపోయినా "ఇక పద" అనేవాళ్లుండరు.

పొద్దున్నే ఓల్డ్ టౌన్ స్క్వేర్‌కి వెళ్లాను. అక్కడి ఖగోళ గడియారం 1410 నాటిది, ఇప్పటికీ తిరుగుతోంది. గంట కొట్టే వేళకి పై కిటికీల్లో ఏసు శిష్యులైన పన్నెండుమంది అపోస్తలుల బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. పక్కన ఒక అస్థిపంజరం తాడు లాగి గంట మోగిస్తుంది. చూస్తుండగానే అయిపోతుంది, జనం ఫోన్లు దించేసి కదిలిపోతారు. నాకు మాత్రం జనం పలచబడ్డాకే గడియారం బాగా కనిపించింది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, చంద్రుడు ఎంత నిండాడు, సూర్యాస్తమయం నుంచి ఎన్ని గంటలు గడిచాయి, ఇవన్నీ చెప్పే పంచాంగాన్ని గోడకెక్కించినట్టుంది.

ఆ గడియారం ఉన్న టవర్ పక్కనే నేల రాళ్లలో 27 తెల్ల శిలువలున్నాయి. హబ్స్‌బర్గ్ రాజవంశపు పాలన మీద తిరగబడిన 27 మందికి 1621 జూన్ 21న ఇక్కడే మరణశిక్ష అమలు చేశారు. దయచేసి అక్కడికి వెళ్లినవాళ్లు ఒక్కసారి కిందికి కూడా చూడండి.

అక్కడినుంచి యూదుల పేట యోసెఫోవ్‌కి నడిచే దూరమే. అక్కడి పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) చూసి గంటలో బయటపడొచ్చనుకున్నాను. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయినా అక్కడే ఉన్నాను.

లోపల గోడలనిండా పేర్లే. నాజీల చేతుల్లో చనిపోయిన బొహీమియా, మొరావియా (నేటి చెక్ దేశపు ప్రాంతాలు) యూదుల పేర్లు, సుమారు 78 వేలు. ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ ఇంట్లోవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు. దూరంనుంచి గోడకి బూడిద రంగు వేసినట్టుంటుంది, దగ్గరికెళ్తే అక్షరాలు విడివడతాయి. ఒకే ఇంటిపేరు కింద వరుసగా చదువుకుంటూ పోతే తాత, కొడుకు, మనవడు అని తేదీలే చెప్పేస్తాయి. 1950లలో ఈ పేర్లను చేత్తో రాయడం మొదలుపెట్టారు. 1968లో నీటి చెమ్మ పేరుతో సినగాగ్ మూసేశారు, తర్వాత పేర్లూ పోయాయి. కమ్యూనిస్టు పాలన పోయాక, 1990లలో మళ్లీ మొదటినుంచీ రాశారు. ఒకసారి చంపి, ఇంకోసారి పేరు కూడా చెరిపేశారే అని నాకు కోపం వచ్చింది. మళ్లీ కూర్చుని రాసిన చేతులకి దండం పెట్టాలనిపించింది.

పై అంతస్తులో, నాజీలు యూదులను బంధించిన టెరెజిన్ అనే ఊళ్లో నిర్బంధంలో ఉన్న పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. అక్కడ వాళ్లకి బొమ్మలు నేర్పిన చిత్రకారిణి ఫ్రిడ్ల్ డికర్-బ్రాండైస్. 1944లో ఆమెను ఆష్విట్జ్ మరణశిబిరానికి తరలించేముందు దాదాపు 4,500 బొమ్మలను రెండు సూట్‌కేసుల్లో దాచి వెళ్లింది. ఆమె తిరిగి రాలేదు. బొమ్మల్లో ఎక్కువగా ఇళ్లు, పువ్వులు, సీతాకోకచిలుకలు. ఒక్కో బొమ్మ దగ్గరా వేసిన పిల్లల పేరుంది. కింద గోడమీది పేర్లలో వీళ్లలో చాలామంది ఉంటారని తెలిసి చూడటం చాలా కష్టం.

పక్కనే యూదుల పాత శ్మశానం. ఉన్న జాగా అంతే కాబట్టి పాత సమాధుల మీదే మట్టిపోసి కొత్తవి కట్టారు, అందుకే రాళ్లన్నీ ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. అన్నిటికంటే పాత రాయి 1439 నాటిది. పేరున్న యూదు మతగురువు రబ్బీ లోవ్ సమాధి మీద, వచ్చినవాళ్లు పెట్టిన చిన్న రాళ్లు, మడతపెట్టిన చీటీలు. నేనూ ఒక గులకరాయి పెట్టాను. శనివారాలు ఇవన్నీ మూసేస్తారు, ప్లాన్ చేసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం చార్లెస్ బ్రిడ్జి మీద కాసేపు తిరిగాను. ఫోటోలు బాగానే వచ్చాయి కానీ మనసంతా ఆ గోడల దగ్గరే ఉంది. రాత్రి ఒక చిన్న హోటల్లో స్మజెనీ సీర్, అంటే బ్రెడ్ పొడి అద్ది వేయించిన చీజ్, బంగాళాదుంపలతో తిన్నాను. శాకాహారులకి ఇక్కడ సులువుగా దొరికేది ఇదే. తింటూనే మ్యాప్‌లో టెరెజిన్ ఎంత దూరమో చూశాను. ప్రాగ్ నుంచి 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పొద్దున్నే ఫ్లైట్, ఈసారి కుదరదు. మళ్లీ ఈ దేశం వస్తే ముందు అక్కడికే వెళ్తాను.