పరిగె చేల మీదుగా షాయీకి

ఆదివారం కావడంతో ఫాంటెన్‌బ్లో స్టేషన్ నుంచి బార్బిజాన్‌కు బస్సు దొరకలేదు. టాక్సీకి పోసిన డబ్బు ప్యారిస్ నుంచి వచ్చిన రైలు టికెట్టుకు ఎన్నో రెట్లు. ఊళ్లో పెద్ద వీధి పొడవునా చిత్రశాలలు, భోజనశాలలు. బయట పెట్టిన ధరల పట్టీ చదివితే ఆకలి చచ్చి కోపం వచ్చింది. 1849లో కలరాకు భయపడి కుటుంబంతో ప్యారిస్ వదిలి వచ్చిన చిత్రకారుడు జాన్ ఫ్రాన్స్వా మిలే, అప్పులతో సతమతమవుతూ తొమ్మిదిమంది పిల్లల్ని సాకింది ఈ వీధిలోనే.

ఆయన ఇల్లు చూసి, ఆయన సమాధి ఉన్న పక్కూరు షాయీ వైపు పొలాల మధ్య నడక మొదలుపెట్టాను. రెండు మూడు కిలోమీటర్లే, నాకు మాత్రం గంటన్నర పట్టింది. గోధుమ కోతలయ్యాయి. మోళ్ల మధ్య ఆగిపోయాను.

మా నాయనమ్మ పరిగె ఏరేది. పెద్దరైతుల వరి కుప్పలకు చేరాక, చేలో రాలిన వెన్నులు ఏరి ఒడిలో వేసుకునేది. సాయంత్రానికి నడుము పట్టేసి, ఒక చేయి వీపు మీద పెట్టుకుని నిలబడేది. ముందురోజు ఓర్సే మ్యూజియంలో, మిలే 1857లో గీసిన పరిగె ఏరే ముగ్గురు ఆడవాళ్లలో ఎడమవైపున్నామె చేయి కూడా అలాగే వీపు మీద ఉంది. వెనక దూరంగా ఆకాశమంత కుప్పలు, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. ఆ బొమ్మ చూసి అప్పటి ప్యారిస్ పెద్దమనుషులు పేదల తిరుగుబాటు వస్తుందని జంకారట. నార్మండీ రైతు బిడ్డ కాబట్టే ఆ నడుము నొప్పి ఆయన కుంచెకు తెలిసిందని నా నమ్మకం.

చేను దాటితే షాయీ చర్చి గోపురం. చర్చి గంట వేళ చేసే ప్రార్థనను మిలే గీసిన ‘ఏంజెలస్’ బొమ్మలో దూరాన కనిపించేది అదే. సాయంత్రం గంట వినగానే పని ఆపించి, పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయించిన తన నాయనమ్మ జ్ఞాపకంతో దాన్ని గీశానని మిలే చెప్పుకున్నాడు. అప్పట్లో వెయ్యి ఫ్రాంకులకు అమ్ముడైన ఆ బొమ్మ, 1875లో ఆయన పోయిన 14 ఏళ్లకు వేలంలో 5,53,000 పలికింది.

స్మశానంలో మిత్రుడు, తోటి చిత్రకారుడు తియోడోర్ రూసో పక్కనే మిలే సమాధి. చేలో ఏరిన ఒక గోధుమ కంకి అక్కడ పెట్టాను. గంట కొట్టేవరకు ఉందామనుకున్నాను గానీ, ఈలోగా టాక్సీ వచ్చేసింది.