వేడి కాదు, షుగర్

ఈ తెల్లబట్ట, దురద మొదటిసారి వచ్చినప్పుడు అత్తయ్య బార్లీ నీళ్లు కాచి ఇచ్చారు. "వేడి చేసిందమ్మా, ఎండలు అలా ఉన్నాయి" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. తెల్లబట్ట మనకేమన్నా కొత్తా? కానీ ఇది వేరుగా ఉంది. విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా, వాసనేమీ లేకుండా. దురద మాత్రం నలుగురిలో కూర్చోనిచ్చేది కాదు. మూత్రానికి వెళ్తే పుండు మీద కారం చల్లినట్టు మంట.

మెడికల్ షాపు దగ్గర అంతా మగవాళ్లే. "దురద" అని మాత్రం అన్నాను. ఎక్కడ అని అడక్కుండా ఆ అబ్బాయి తామరకు రాసే క్రీము చేతిలో పెట్టాడు. నాలుగు రోజులు హాయి, ఐదో రోజు రెట్టింపు. అందులో స్టెరాయిడ్ ఉంటుందని, ఫంగస్ ఉన్నచోట అది మంటలో నెయ్యి పోసినట్టని అప్పుడు నాకేం తెలుసు! పైగా రోజూ లోషన్ నీళ్లతో లోపలిదాకా కడిగేదాన్ని.

నాలుగోసారికి ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. డాక్టరమ్మ పరీక్ష చేయలేదు. తలెత్తకుండా మందులు రాస్తూ, "మీ ఆయన క్యాంపులు తిరుగుతారా?" అన్నారు. అవునన్నాను. "అయితే ఆయన్ని కూడా ఓసారి చూపించుకోమనండి." అంతే, తర్వాతి పేషెంటును పిలిచారు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పక్కన ఆయన గురక పెడుతున్నారు. పదహారేళ్లుగా వింటున్న గురకే, ఆ రాత్రి ఎవరిదో అనిపించింది. రెండింటికి ఆయన ఫోన్ తీసుకుని బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. వాయిదాల లెక్కలు, పిల్లాడి ఫీజు రసీదు, మేనత్త పంపే గుడ్ మార్నింగ్ బొమ్మలు. ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి ఇంకా భయమేసింది, చెరిపేశారేమోనని. కేన్సరేమో అని కూడా అనుకున్నాను. బయట నుంచి అత్తయ్య, "ఏమ్మా, కడుపు బాగాలేదా?" అన్నారు. అవునన్నాను.

ఐదోసారి ఏరియా ఆసుపత్రికి వెళ్లాను. వయసులో నాకంటే చిన్నది ఆ డాక్టర్. బల్ల మీద పడుకోబెట్టి చూసింది, దూదిపుల్లతో శాంపిల్ తీసింది. "ఏడాదిలో ఇది ఎన్నోసారి అక్కా?" అంది. ఐదోసారి అనగానే వేలు గుచ్చి చూసింది. 286. మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్షలో (HbA1c) 10.1 వచ్చింది. షుగర్ ఎక్కువైతే ఈ ఫంగస్‌కి పండగే అట. ఇది మామూలుగా మన ఒంట్లో ఉండేదేనని, మొగుడి తిరుగుళ్లతో దీనికి ముడిపెట్టక్కర్లేదని చెప్పింది. అక్కడే ఏడ్చాను. ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్లి ఈ మాటే ఆమె ముఖం మీద చెప్పాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడు రోజులకొకటి చొప్పున మూడు మాత్రలు, తర్వాత వారానికొకటి, ఆరు నెలలు. షుగర్ మందు వేరే. రాత్రిపూట అన్నం బదులు జొన్నరొట్టె. ఇప్పుడు ఆ మూడు నెలల సగటు ఏడు దగ్గరుంది, వేంకటేశ్వరస్వామి దయ.

మా చెల్లెళ్లకు చెప్పేది ఒకటే. చేపల వాసనతో పల్చగా వస్తే అది వేరే జబ్బు, పచ్చగా నురగగా వస్తే ఇంకొకటి, దానికి భర్తకూ మందు పడాలి. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. కడుపుతో ఉంటే షాపు మాత్ర అసలు మింగొద్దు.

మొన్న అత్తయ్య, "నాకూ మీ మామయ్య ఉన్నప్పటి నుంచీ ఉండేదమ్మా, వేడనుకున్నా" అన్నారు నెమ్మదిగా. ఆవిడకు వేలు గుచ్చితే 310. ఇప్పుడు ఇద్దరం ఒకే డబ్బాలోంచి మాత్రలు వేసుకుంటున్నాం. ఫోన్ సంగతి మాత్రం ఆయనకు ఇంకా చెప్పలేదు.