చెంచాడు ఒంటేలు కోసం ఏడాది

ఒంట్లో నీరు పట్టినా, మూత్రంలో మంట వచ్చినా మా అమ్మమ్మకి మందు ఒకటే. పొలం గట్టు మీది కొండపిండి ఆకు తెచ్చి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరిగించి తాగుతుంది. ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి టాపిక్ ఏమిటని గైడ్ సార్ అడిగితే నా నోట అదే వచ్చింది: ఆ ఆకు నిజంగా మూత్రం పెంచుతుందా అని ఎలుకల మీద చూడటం. అమ్మమ్మకి చెబితే ఒకటే నవ్వు. "ఎలుకల ఒంటేలు కొలవడానికా తల్లీ ఇంత చదువు?"

ముందు మొక్క ఫలానాదే అని సర్టిఫికెట్ కావాలి. బోటనీ మేడమ్ ఆకుల మీది తెల్లటి నూగునీ, ఆకు మొదళ్లలోని పూల గుత్తుల్నీ చూసి 'ఎర్వా లనాటా' అని రాసిచ్చారు. "సినాప్సిస్‌లో, అదే ప్రాజెక్టు ముసాయిదాలో, పాషాణభేది అని మాత్రం రాయకమ్మా. ఇక్కడ దీన్ని ఆ పేరుతో అమ్ముతారు కానీ, ఆయుర్వేద మందుల ప్రామాణిక గ్రంథం ఫార్మకోపియాలో ఆ పేరున్నది హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క" అన్నారు. నేను అప్పటికే పేజీ పేజీకీ అదే రాసి ఉన్నాను.

ఆకు నీడన ఎండబెట్టి పొడి కొట్టాం. దాన్నుంచి సారం (ఎక్స్‌ట్రాక్ట్) ఆల్కహాల్‌తో తీస్తే పని తేలిక, కానీ అమ్మమ్మ నీళ్లలో కదా కాచేది, నేనూ నీళ్లలోనే తీస్తానని పట్టుబట్టాను. మొదటి బ్యాచ్‌కి వారంలో బూజు పట్టింది. సార్ ఏమీ అనలేదు. రెండోసారి వాటర్ బాత్ మీద నల్లటి పాకంలా అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను.

జంతువుల ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పట్టింది. ఎన్ని ఎలుకలు, అంతకంటే తక్కువతో ఎందుకు కుదరదు అని గుచ్చి గుచ్చి అడిగారు. అడగాల్సిందే. ఆ తర్వాత ఓఈసీడీ 423 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం విష పరీక్ష. కిలో బరువుకి 2000 మిల్లీగ్రాములు ఇచ్చి 14 రోజులు చూశాం, ఒక్కటీ చావలేదు. అందులో పదో వంతు 200, ఐదో వంతు 400 డోసులుగా పెట్టుకున్నాం.

అసలు పరీక్ష లిప్‌షిట్జ్ పద్ధతి, 1943 నాటిది. ఎలుకల్ని 18 గంటలు పస్తుంచి, కిలోకి 25 మిల్లీలీటర్ల చొప్పున ఉప్పునీరు తాగించి, మందు ఇచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో మెటబాలిక్ కేజ్‌లో (మూత్రం విడిగా గరాటులోకి దిగే బోను) పెట్టి ఐదు గంటల మూత్రం పట్టాలి. ఒక గుంపుకి ఉప్పునీరు మాత్రమే (పోలిక కోసం, దాన్నే కంట్రోల్ అంటాం), ఒక గుంపుకి ఫ్యూరోసెమైడ్, రెండు గుంపులకి మన ఆకు. ఫ్యూరోసెమైడ్ అంటే డాక్టర్లు మూత్రం పెంచడానికి ఇచ్చే లాసిక్స్. ఆరు గంటలు పనిచేస్తుంది ('లాస్ట్స్ సిక్స్') కాబట్టే ఆ పేరని క్లాసులో చెప్పేవారు.

లెక్క చూడండి. 200 గ్రాముల ఎలుకకి పోసేదే 5 మిల్లీలీటర్లు, ఒక టీ చెంచా. తిరిగి వచ్చేది అందులో కొంత. నా ప్రాజెక్టు అంతా ఆ చెంచాడు మీద నిలబడాలి.

మొదటి రోజు ఒక కంట్రోల్ ఎలుక ఫ్యూరోసెమైడ్ ఎలుకల్ని మించి పోసింది! టెన్షన్‌తో చెమటలు పట్టాయి. తీరా చూస్తే నేను నీళ్ల సీసా తీయడం మర్చిపోయాను, చుక్కా చుక్కా గరాటులోకి కారింది. ఆ రోజు లెక్కలన్నీ చెత్తబుట్టలోకే. అంతకన్నా పెద్ద తప్పు సార్ పట్టుకున్నారు. ఉన్నవి ఆరు కేజ్‌లు కాబట్టి రోజుకో గుంపు అని వేసుకున్నాను. "ఒకరోజు గది వేడెక్కితే ఆ తేడా మందుదా, ఎండదా?" అన్నారు. మళ్లీ మొదలుపెట్టి, ఏ రోజైనా అన్ని గుంపుల ఎలుకలూ ఉండేలా కలిపి నాలుగు రోజులు చేశాను. మందు ఇచ్చేముందు తోక మొదట్లో మెల్లగా లాగితే మూత్రాశయం ఖాళీ అవుతుందని యానిమల్ హౌస్ అటెండర్ అన్న చూపించాడు. పుస్తకంలో చదివాను కానీ అతని చేతిలో ఎలుక గింజుకోను కూడా లేదు.

మూత్రంలో సోడియం, పొటాషియం మంట రంగుని బట్టి కొలిచే ఫ్లేమ్ ఫొటోమీటర్ మీద, క్లోరైడ్ సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్‌తో. ఆ సిల్వర్ నైట్రేట్ మరకలకి వారం పాటు నల్లటి వేళ్లతోనే అన్నం తిన్నాను.

400 డోసుకి మూత్రం పెరిగింది. ఫ్యూరోసెమైడ్ అంత కాదు కానీ, గణాంకాల్లో నిలబడేంత. ఎగిరి గంతేశాను. సబ్మిషన్‌కి ముందు సెమినార్‌లో ఒక సీనియర్ మేడమ్ ఒక్కటే ప్రశ్న వేశారు: "పొటాషియం కూడా బాగా పెరిగిందే. అసలు నీ ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఎంత ఉంది?"

నేనది కొలవనే లేదు. తోటకూర కుటుంబపు మొక్క, పైగా నీళ్లలో తీసింది, లవణాలన్నీ అందులోకి దిగుతాయి. ఆ ఉప్పే నీటిని లాక్కుంటూ బయటికి పోవచ్చు. మర్నాడే ఎక్స్‌ట్రాక్ట్‌ని కాల్చి, బూడిద కరిగించి మళ్లీ ఫ్లేమ్ ఫొటోమీటర్ మీద పెట్టాను. పొటాషియం గట్టిగానే ఉంది. మూత్రం పెరగడంలో లవణం వాటా ఎంతో, ఆకులోని మిగతా పదార్థాల వాటా ఎంతో ఈ పరీక్షతో విడదీయలేమని థీసిస్‌లో రాశాను. ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉన్నంత పొటాషియం మాత్రమే ఇచ్చిన గుంపు ఒకటి ఉంటే తేలేది. ఎలుకలూ లేవు, అనుమతీ లేదు.

సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మమ్మ కషాయం కాస్తోంది. తనకి కాదట, ఎదురింటి బాబాయికి. ఆయనకి కిడ్నీలు దెబ్బతిని, పొటాషియం ఎక్కువుందని డాక్టరు కొబ్బరినీళ్లు కూడా మాన్పించారు. గ్లాసు అందుకుని పెరట్లో పారబోశాను. అమ్మమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.