పద్నాలుగో బిళ్ళ దాకా

2025 జూన్‌లో, వాన పడ్డ మూడో రోజు, దేవరకొండలో అత్తగారింట్లో ఉండగా పాపకి మోషన్స్ పట్టుకున్నాయి. అప్పుడు దానికి 16 నెలలు. మధ్యాహ్నంలోపే ఏడుసార్లు, అచ్చం నీళ్ళే. "పళ్ళొస్తున్నయి, అందుకే. కడుపు మాడిస్తే అదే కట్టుకుంటది" అన్నది అత్తమ్మ. నేనూ నమ్మి ఏమీ పెట్టలేదు. మెడికల్ షాపులో ఓఆర్ఎస్, అంటే విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు-చక్కెర పొడి, అడిగితే తియ్యటి డబ్బా డ్రింకు ఇచ్చారు. అది తాగాక విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. (అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది ఆ అక్టోబరులో.)

సాయంత్రం పాప ఏడుస్తుంటే కంట్లో చుక్క నీరు లేదు. ఆశా అక్క వచ్చి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ మడత వెంటనే పోలేదు. మెల్లగా సర్దుకుంది. "ఒంట్ల నీళ్ళు తగ్గినయమ్మా, నడు" అంది. ఆటో ఎక్కాం.

సర్కారు దవాఖానలో పాపని తూచారు, 9 కిలోలు. కిలోకి 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో 675 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ తాగించమన్నారు. లీటరు నీళ్ళలో ప్యాకెట్ మొత్తం కలిపి, చెంచా తర్వాత చెంచా పోశాను. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలు. రాత్రి తొమ్మిదికి నా ఒళ్ళో మూత్రం పోసింది. తడిసిన చీరని అలాగే పట్టుకుని ఏడ్చాను.

ఇంటికి పంపేటప్పుడు రోజుకొకటి చొప్పున 20 మిల్లీగ్రాముల జింక్ బిళ్ళలు, 14 రోజులకి ఇచ్చారు. చెంచాడు నీళ్ళలో వేస్తే ఇట్టే కరిగిపోతుంది. నాలుగో రోజుకే విరేచనం గట్టిపడింది. ఇంకెందుకు మందు అని ఇంట్లో అందరూ అన్నారు, నాకూ అనిపించింది. ఫోన్ చేస్తే నర్సమ్మ గట్టిగానే చెప్పింది: విరేచనాలతో జింక్ కూడా పోతుంది, పేగు లోపలి పొర మానాలంటే అది కావాలి, వచ్చే రెండు మూడు నెలలు మళ్ళీ రాకుండా కూడా కాపాడుతుంది. తిండి మాత్రం ఆపొద్దంది, తల్లిపాలు అసలే ఆపొద్దంది. నూనె చుక్క వేసిన మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు, రెండు వారాలు రోజూ ఒక పూట ఎక్కువ.

బిళ్ళల రేకు మీద పెన్నుతో తేదీలు రాసుకున్నాను. పద్నాలుగో రోజు చెంచా చూసి పాపే నోరు తెరిచింది. ఆ మధ్యాహ్నం పప్పన్నం అత్తమ్మ తనే కలిపి, ముద్ద ముద్దగా తినిపించింది.