స్లాష్ సరిగ్గానే పెట్టా, అయినా ఫొటోలు పోయాయి

ఇంట్లో డెస్క్‌టాప్, చేతిలో ల్యాప్‌టాప్, అద్దె సర్వర్ ఒకటి, మూడింట్లోనూ ఒకే ఫైళ్లు ఉండాలంటే నాకు ఇప్పటికీ ఆర్‌సింక్ (rsync) అనే ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్ చాలు. 1996లో వచ్చిన పాత సరుకే, కానీ నెట్‌వర్క్ మీద పంపేటప్పుడు ఫైల్ మొత్తం కాకుండా మారిన ముక్కల్నే పంపుతుంది కాబట్టి మా ఇంటి నెట్ నత్తనడక నడిచినా పనైపోతుంది. సోర్స్ ఫోల్డర్, అంటే ఎక్కడినుంచి పంపుతున్నామో ఆ ఫోల్డర్ పేరు చివర స్లాష్ (/) ఉంటే లోపలున్నవి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్లి అక్కడ కూర్చుంటుంది, ఇది ఎన్నిసార్లు చదివినా మర్చిపోతా.

మొన్న రాత్రి ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కి పంపుతూ స్లాష్ సరిగ్గానే పెట్టా. సోర్స్‌లో లేనివాటిని అవతల తుడిచేసే డిలీట్ ఆప్షన్ కూడా పెట్టా! సర్వర్‌లో మాత్రమే ఉన్న, ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో లేదని మొత్తం తుడిచేసింది. ఆదివారం బ్యాకప్ ఉండబట్టి బతికిపోయా. ఇప్పుడు ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూడ్ చేసి, ముందు డ్రై రన్ (ఏదీ మార్చకుండా ఏం జరగబోతుందో చూపించేది) చూసుకునే ఎంటర్ కొడుతున్నా.