తడి పంచెతో సింహాచలం గిరి ప్రదక్షిణ: నా అనుభవం

మొన్న ఆషాఢ శుద్ధ చతుర్దశికి విశాఖలో అప్పన్న (వరాహ లక్ష్మీ నరసింహస్వామి) కొండ చుట్టి వచ్చాను. తొడల మంట ఇంకా తగ్గలేదు. అది తగ్గితే ఇక భక్తి కబుర్లే మిగులుతాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

కొండ మెట్లదారి మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాలి. మొత్తం 32 కిలోమీటర్లు, కొండ ఎప్పుడూ కుడిచేతి వైపే. కాయ కొట్టాక అక్కడ నిలబడొద్దు. కాళ్లకి చెప్పులుండవు, కింద పరుచుకున్న చిప్ప పెంకులు మేకుల్లా దిగుతాయి. మధ్యాహ్నం స్వామి రథం కదిలేదాకా ఆగడం కన్నా తెల్లారకముందే బయల్దేరడం మేలు. మబ్బు పట్టకపోతే ఆషాఢంలోనూ తారు కాలుతుంది. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక... ఇక్కడిదాకా చెప్పడానికేమీ లేదు. అందరి కాళ్లలోనూ బలం ఉంటుంది.

అసలు కథ జోడుగుళ్లపాలెం, అప్పూఘర్ దగ్గర. సముద్ర స్నానం ఆనవాయితీ. వానాకాలపు అలలు కదా, ఒడ్డున గజ ఈతగాళ్లుంటారు, లోపలికి పోనివ్వరు. మునగడం వరకూ బాగానే ఉంది. "బట్టలు మార్చక్కర్లేదు, నడుస్తుంటే ఒంటి మీదే ఆరిపోతాయి" అని సలహా ఇచ్చిన పెద్దమనుషులున్నారే, వాళ్లని ఆ పంచెతోనే ఇంకోసారి తిప్పాలి. అక్కడికి సగం దారి కూడా అవదు. ఆ పంచె ఆరింది, నిజమే. నీళ్లు పోయి ఉప్పు మిగిలింది, కుట్ల మడతల్లో ఇసుక మిగిలింది. ఎంవీపీ డబుల్ రోడ్డు దాటేసరికి అది ఉప్పుకాగితంలా తొడలు గీకడం మొదలెట్టింది. ఇసుకతోట దగ్గర చంటిపిల్లాడిలా కాళ్లు ఎడంగా వేసి నడిచాను. సీతమ్మధార చేరేసరికి నాకన్నా ముసలివాళ్లు "పక్కకి రా నాయనా" అంటూ దాటుకుపోతున్నారు. పాదాల సంగతి మరీ ఘోరం. నానిన అరికాలి చర్మం మెత్తబడుతుంది, దాన్ని తారు మీద రుద్దితే బొబ్బ కట్టక ఏమవుతుంది?

ఇలా చేస్తే గట్టెక్కుతారు. ఇంటి దగ్గరే తొడల లోపలి వైపు కొబ్బరినూనె గాని వాజలైన్ గాని పట్టించండి. పంచె లోపల మోకాళ్ల దాకా వచ్చే బిగుతు నిక్కరు వేసుకోండి. ప్లాస్టిక్ సంచిలో పొడి పంచె, తువ్వాలు, నిక్కరు పెట్టుకోండి. సముద్రంలోంచి రాగానే రెండు లీటర్ల మంచినీళ్లతో నడుము కిందంతా కడుక్కోవాలి. వేళ్ల సందులు కూడా తుడిచి, పావుగంట కూర్చుని పాదాలు ఆరాకే లేవాలి. మళ్లీ నూనె రాయాలి. ఇదంతా కుదరదనుకుంటే తల మీద నాలుగు చుక్కలు చల్లుకోండి, స్వామి ఏమీ అనుకోడు. బొబ్బ లేస్తే గిల్లొద్దు. నీళ్లు పోయినా నడవొచ్చు, పైచర్మం ఊడితే మాత్రం ఇక అడుగు పడదు.

దారి పొడవునా పులిహోర, మజ్జిగ, పళ్లరసాలు పెడతారు. పుణ్యాత్ములే, కాదనను. కానీ ఆకులూ గ్లాసులూ రోడ్డు మీద విసిరేది కూడా తిన్న భక్తులే. మజ్జిగ ఒలికిన తారు మీద బొబ్బల కాలితో జారితే తెలుస్తుంది ఆ భక్తి. పెట్టిందల్లా తినొద్దు. నేను మజ్జిగ, అరటిపండు దాటలేదు కాబట్టి కడుపు మాత్రం నిలబడింది, ఆ ఒక్క విషయంలో నన్ను మెచ్చుకోవచ్చు.

మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం ఎలా దాటానో గుర్తులేదు. తొలిపావంచా మళ్లీ కనిపించినప్పుడు ఏడుపొచ్చింది. కొండ మీదికి మెట్లు వెయ్యికి పైమాటే. ఆ కాళ్లతో మెట్లదారి పట్టొద్దు, బస్సెక్కండి. ప్రదక్షిణ అంటే కొండ చుట్టూ కింద తిరిగినదే.

పైన పౌర్ణమి సేవ. అక్షయ తృతీయనాడు నిజరూపం చూపించాక స్వామికి చందనం నాలుగు విడతలుగా పూస్తారు, ఒక్కో విడతకి మూడు మణుగులు. మొదటిది ఆ రోజే, వైశాఖ, జ్యేష్ఠ పౌర్ణముల తర్వాత ఈ ఆషాఢ పౌర్ణమిదే ఆఖరి విడత. ఉగ్రమూర్తి వేడి చల్లారడానికంటారు. నాకు ఒక్క చెంచాడు దొరికినా చాలుననిపించింది. ఇంటికొచ్చి కొబ్బరినూనెతో సరిపెట్టుకున్నాను.