నాలుగున్నర నుంచి ఆరు దాకా

మంగళవారం రాత్రి, ఆషాఢం.

తెల్లవారుజామున పెట్టె తెరిచి వయొలిన్ చేతిలోకి తీసుకోగానే పంచమం తీగ మీద వేలికి గరుకు తగిలింది. దీపం దగ్గర పెట్టి చూస్తే ఆవగింజంత తుప్పు. ఆ తీగ వేసి మూడు వారాలైనా కాలేదు. మా విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లో వయొలిన్ వాయించేవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. ఆషాఢం వచ్చేసరికి తీగలు బిగించే బిరడాలు ఉబ్బి తిరగనంటాయి, కమాను వెంట్రుకలు సాగి వదులవుతాయి. తీగను మెత్తని గుడ్డతో తుడిచి, ఈ పూటకు చాలు అనుకుని శ్రుతి చేసుకున్నాను. భైరవి అట తాళ వర్ణం మూడు కాలాల్లో వాయించాను. ఆ తర్వాత అరగంట సహాన రాగం, ఎవరి కోసమూ కాకుండా.

ఆరు గంటలకు పాఠాలు మొదలు. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు భోజనాలు ముగించి, సగం నిద్రతో వచ్చి కూర్చుంటారు. ఫోనులో పాఠం చెప్పడం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం లాంటిది కాదు. శబ్దం వెళ్లి రావడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం వల్ల గురువు, శిష్యురాలు కలిసి వాయించడం కుదరదు. నేను వాయించి ఆపాలి, ఆమె వాయించాలి. పైగా ఆ యాప్ దీర్ఘంగా పట్టిన స్వరాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని నొక్కేస్తుంది. ఆ సెట్టింగు మార్చుకోవాలని కొత్తవాళ్లందరికీ మొదటి రోజే చెబుతాను. ఈ రోజు చిన్నపాప మోహనంలో గీతం తప్పు లేకుండా వాయించి, చివర కమాను గాల్లోకి ఎత్తి నవ్వింది. అలసట సగం అక్కడే పోయింది.

పాఠాలు అయ్యాక సందేశం చూశాను. న్యూజెర్సీ నుంచి ఒక తల్లి. ఇద్దరు పిల్లలు, వారానికి నాలుగు పాఠాలు, నెలకు 12 వేలు ఇస్తామన్నారు. ఒకటే షరతు. పిల్లలు ఎనిమిదిన్నరకల్లా పడుకోవాలి కాబట్టి వాళ్లకు ఏడున్నర కావాలి. అంటే మనకు ఉదయం అయిదు. నేను సాధన చేసుకునే సమయానికి సరిగ్గా నడిమధ్య.

ఆషాఢంలో 12 వేలంటే ఏమిటో సంగీతం మీద బతికేవాళ్లకు తెలుసు. మా పంచాంగం వేరు. పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు కానీ త్యాగరాజ ఆరాధనలు ఉంటాయి, అక్కడ చేతికి వచ్చేది తక్కువైనా మనసు నిండుతుంది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ముహూర్తాలు, మధ్యలో శ్రీరామనవమి పందిళ్లు. రిసెప్షన్లలో రెండు గంటలు సినిమా పాటలు వాయిస్తే వచ్చే డబ్బు, సభలో రెండున్నర గంటల కచేరీకి వచ్చే సంభావన కంటే ఎక్కువ. అప్పుడు దాచుకున్నదే ఆషాఢంలో తినాలి. మూఢాలు వచ్చిన ఏడు ఆ దాచుకున్నదీ చాలదు. మా అమ్మాయి కాలేజీ ఫీజు వాయిదా కూడా ఈ నెలలోనే.

కాఫీ తాగుతూ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. మా ఆవిడ విషయం విని ఏమీ అనలేదు. "అయిదింటికా?" అని మాత్రం అడిగింది. ఆ గంట సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆ గంట నాకు హుద్‌హుద్ తుపాను ఇచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున మొదలైన గాలి మధ్యాహ్నానికి ఊరిని ఊరుగా ఉంచలేదు. మేడ మీద రేకులు లేచిపోతుంటే వయొలిన్ పెట్టెను రెండు పాలిథిన్ సంచుల్లో చుట్టి మంచం కింద తోసి, నేను పెట్టెకు అడ్డంగా పడుకున్నాను. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. రాత్రి ఏడింటికే నిద్ర, తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. చీకట్లో చేయగల పని ఒక్కటే ఉంది. నాలుగో రోజు తలుపు తీస్తే మెట్ల మీద పక్కింటి తాతగారు, కింది వాటా వాళ్లు కూర్చుని ఉన్నారు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలతో దిగుతూ ఆగిపోయారట. ట్యాంకరు వచ్చేదాకా వాయించాను. కరెంటు వచ్చింది, మెట్ల మీద ఎవరూ కూర్చోవడం మానేశారు, నా మెలకువ మాత్రం నాలుగింటికే స్థిరపడిపోయింది. అంతకు ముందు నా సాధనకు వేళంటూ లేదు. కచేరీ ఉంటే వారం ముందు చేసేవాణ్ణి, లేకపోతే లేదు.

ఆ గంటను 2020లో అమ్మేశాను. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైతే ఎనిమిది రోజులకు శ్రీరామనవమి. ఒప్పుకున్న అయిదు కార్యక్రమాలూ పోయాయి, వాటి వెనక వైశాఖం పెళ్లిళ్లన్నీ పోయాయి. అప్పుడు ఫోనులో పాఠాలు పట్టుకున్నాను. ఎవరు ఏ వేళ అడిగితే ఆ వేళ. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఒకదాని వెనక ఒకటి, సాయంత్రం మళ్లీ. ఇల్లు నిలబడింది. అందుకు నేను సిగ్గుపడను, ఇప్పటికీ ఆ పిల్లలంటే ప్రాణం. కానీ రోజంతా సరళీస్వరాలూ జంటవరుసలూ వాయించి చూపించడం సాధన కాదు. ఆ సంగతి నాకు ఏడాది దాటాక గానీ తెలియలేదు.

తెలిసింది రేడియోలో. ఆకాశవాణికి ఒక అరగంట కచేరీ రికార్డు చేసి వచ్చాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. ప్రసారం రోజు ఇంట్లో కూర్చుని విన్నాం. ఆలాపనలో కమాను దిశ మారే ప్రతి చోటా సన్నటి గీత వినిపించింది. కుట్టు కనబడే బట్టలాగా. దించే కమాను ఎత్తే కమానులోకి ఎక్కడ కలిసిందో వినేవాడికి తెలియకూడదు. మా గురువుగారు నాకు మూడేళ్లు నేర్పింది అదే. ఇంట్లో వాళ్లు బాగుందన్నారు. నేను లేచి వెళ్లి వరండాలో నిలబడ్డాను. ఆ గీత పోవడానికి నాలుగు నెలలు పట్టింది. నాలుగు నెలల పాటు రోజూ ఒక్క షడ్జమం మీద కమాను లాగాను, ముందు పదిహేను నిమిషాలు, తర్వాత అరగంట. అప్పటి నుంచి నాలుగున్నర నుంచి ఆరు దాకా ఎవరికీ ఇవ్వలేదు.

పదకొండింటికి సీతమ్మధారలో రిహార్సల్. బండి మీద వెంకోజీపాలెం దాటుతుంటే రోడ్డు పక్కన పందిళ్లు వేస్తున్నారు, మజ్జిగ డ్రమ్ములు దింపుతున్నారు. రేపటి నుంచి సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు జనం నడుస్తూనే ఉంటారు.

శ్రావణంలో ఒక అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం ఉంది. పిల్ల తల్లి గారు మొదట పాటలన్నీ ఒకసారి స్టూడియోలో రికార్డు చేసి ఇవ్వమన్నారు, మళ్లీ మళ్లీ పిలవక్కర్లేకుండా. ఈ మధ్య నృత్య కార్యక్రమాల్లో మాకు పని తగ్గింది అందుకే. ఒక్కసారి వాయించింది పెన్‌డ్రైవ్‌లో ఎక్కి పదేళ్లు తిరుగుతుంది. డాన్స్ టీచర్ గారు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ఈ రోజు నా కళ్లతో చూశాను. తరంగం జరుగుతోంది. అమ్మాయి ఇత్తడి పళ్లెం అంచుల మీద కాళ్లు మోపి ముందుకు జరుగుతుంటే గచ్చు మీద పళ్లెం పక్కకు జారింది. ఒక్క క్షణం ఆమె చేతులు గాల్లో తడబడ్డాయి. మృదంగం మాస్టారు తల కూడా ఎత్తకుండా ఆ ముక్తాయింపును మరో ఆవర్తనం తిప్పారు. టీచర్ గారి తాళాలు ఆయన వెంట వెళ్లాయి, నేనూ పల్లవి మళ్లీ ఎత్తుకున్నాను. అమ్మాయి నిలదొక్కుకుని సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, సరిగ్గా దిగింది. తల్లి గారికి పళ్లెం జారిన సంగతే తెలియలేదు. రికార్డు గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రిహార్సల్ అయ్యాక మాస్టారు మెట్ల మీద కూర్చుని, మృదంగం ఎడమ మూత మీద ఎండిపోయిన రవ్వ ముద్దను గోటితో గీకుతున్నారు. నేను న్యూజెర్సీ సంగతి చెప్పాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. లాక్‌డౌన్‌లో ఆయన ఏడు నెలలు పిండిమరలో కూర్చున్నారు. అందరం అయ్యో అనుకున్నాం. ఆ మర సంగతి ఆయన నాకు ఈ రోజే వివరంగా చెప్పారు.

"ఆ మోటారు నడిచినంతసేపూ రెండున్నర శ్రుతిలో పలికేదండీ. గోధుమలు పోస్తే కొంచెం దిగేది, బియ్యానికి మళ్లీ ఎక్కేది. ఎవరికీ నా మాట వినపడదు కదా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జతులు చెప్పుకునేవాణ్ణి. నా జన్మలో అంత సాధన ఎప్పుడూ చేయలేదు."

చెబుతూ అరచేతులు చూసుకున్నారు. తర్వాత అన్నారు, "మీ పని నోటితో చేసేది కాదు. చేతికి వేళ కావాలి." అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఇంటికి వస్తూ ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి ఆలోచించాను. ఎప్పుడైనా ఇలాంటి సందిగ్ధం వస్తే నా మనసు ఆయన దగ్గరికి వెళుతుంది. చూపు సరిగా లేని ఆ మనిషి ఇరవై ఆరేళ్లకు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కళాశాల పుట్టింది 1919లో, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా. కచేరీలు లేనివాడే పాఠాలు చెప్పుకుంటాడని చులకనగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఫిడేలుకు ఆంధ్రదేశంలో ఆ గౌరవం తెచ్చిన ఆయనే నెల జీతానికి పిల్లలకు పాఠాలు చెప్పారు, చెబుతూనే అంత గొప్ప వాద్యాన్ని కాపాడుకున్నారు. పాఠం చెప్పడం తక్కువ పని అని నేను ఒక్క రోజూ అనుకోలేదు. చెప్పేవాడి దగ్గర చెప్పడానికి సరుకు మిగలాలి, అంతే.

మధ్యాహ్నం ఆ తల్లికి జవాబు రాశాను. ఆ వేళ నాకు వీలు కాదని, కానీ నా దగ్గర తొమ్మిదేళ్లు నేర్చుకున్న అమ్మాయి ఉందని, ఓపికగా చెబుతుందని, కావాలంటే రెండు పాఠాలు విని చూడమని. పంపే ముందు బొటనవేలు కొంచెంసేపు ఆగింది. అబద్ధం ఎందుకు, 12 వేలు కళ్ల ముందు కదిలాయి.

ఆ అమ్మాయి గాజువాకలో ఉంటుంది. నిరుడు ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరుగా చేరితే సగం సంవత్సరానికే సంగీతం పీరియడ్లు తీసేసి లెక్కలకు ఇచ్చారు. అప్పటి నుంచి సరైన పని లేదు. సాయంత్రం తనే ఫోను చేసింది. వాళ్లు మాట్లాడారట, గురువారం మొదటి పాఠం.

"మాస్టారూ, అయిదింటికి మీరు లేచే ఉంటారు కదా, మీరే ఎందుకు తీసుకోలేదు?"

చెప్పాను. రేడియో సంగతి కూడా చెప్పాను. ఇన్నేళ్లలో ఆ సంగతి శిష్యులెవరికీ చెప్పలేదు. అటు పక్క చాలాసేపు మాట లేదు. తర్వాత, "అయితే నేను మూడున్నరకు లేస్తాను మాస్టారూ" అంది. వద్దని అనబోయి ఆగాను. ఇరవై నాలుగేళ్ల పిల్ల, లేవగలదు. "పాఠానికి ముందు ఒక్క అరగంట షడ్జమం మీద కమాను లాగు, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాను. ఫీజు నెల మొదట్లోనే తీసుకోమనీ, అడగడానికి మొహమాటపడవద్దనీ కూడా గట్టిగా చెప్పాను. మా తరం ఆ మొహమాటంతోనే చాలా పోగొట్టుకుంది.

రేపు రాత్రి హనుమంతవాక దగ్గర ఒక మజ్జిగ పందిట్లో మృదంగం మాస్టారూ నేనూ వాయిస్తున్నాం. డబ్బులు లేవు, భోజనం పెడతారు. నిరుడూ వాయించాం. గిరి ప్రదక్షిణ జనం ఆగరు. గోవింద నామాలు చెప్పుకుంటూ నడుస్తూనే ఉంటారు. ఒక్కొక్కరి చెవిన పడేది కీర్తనలో ఒక్క పంక్తి, మహా అయితే రెండు. చప్పట్లు ఉండవు. నిరుడు ఒక పెద్దావిడ మాత్రం చెప్పుల్లేని కాళ్లతో వచ్చి, నెత్తి మీద మూట దించి, చరణం అయ్యేదాకా నిలబడింది. మజ్జిగ గ్లాసు అందిస్తే తాగి, "ఆపకండి బాబూ" అని మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడే కొత్త పంచమం తీగ ఎక్కించాను. పెట్టెలో ఉన్న చివరిది ఇదే, మిగతావి చెన్నై నుంచి రావాలి. కొత్త తీగ రాత్రంతా సాగుతూ శ్రుతి దిగిపోతుంది. నాలుగున్నరకు మళ్లీ బిగించుకోవాలి.